అట్టముక్క మీది అమ్మాయి

సిగరెట్ పెట్టెలో ఆ ముక్కను పెట్టింది బొమ్మ కోసం కాదు. 1870ల చివర్లో అమెరికాలో సిగరెట్లు పల్చటి కాగితపు పొట్లాల్లో వచ్చేవి. జేబులో వేసుకుని కూర్చుంటే నలిగిపోయేవి, లేచేసరికి పొగాకు రాలిపోయేది. ఊతంగా ఉంటుందని లోపల ఒక గట్టి అట్టముక్క దూర్చారు. అది ఖాళీగా ఎందుకుండాలని దాని మీద కంపెనీ పేరు అచ్చేశారు. ఉత్త పేరును ఎవరు చూస్తారు? బొమ్మ వేశారు. రాజులు, సేనాపతులు, జెండాలు, పక్షులు, బేస్‌బాల్ ఆటగాళ్ళు, ఇలా దొరికినవన్నీ వేసి చూశారు. ఏ బొమ్మ వేస్తే మగవాడు మళ్ళీ మళ్ళీ వచ్చి కొంటాడో కనిపెట్టడానికి వ్యాపారస్తులకు ఎక్కువ కాలం పట్టలేదు. నాటకాల్లో వేషాలు కట్టే ఆడవాళ్ళ ఫొటోలు వేలకు వేలు ఆ పెట్టెల్లోకి చేరాయి.

దీని వెనక ఒక మిషను కథ ఉంది. జేమ్స్ బోన్‌సాక్ అనే వర్జీనియా కుర్రవాడు సిగరెట్లు చుట్టే యంత్రానికి 1881లో పేటెంటు తీసుకున్నాడు. అప్పటిదాకా సిగరెట్లన్నీ చేత్తో చుట్టినవే. చేయి తిరిగిన పనివాళ్ళు పొద్దున్నుంచి సాయంత్రం దాకా తలెత్తకుండా చుట్టినా మూడు వేలకు అటూ ఇటూ. బోన్‌సాక్ మిషను రోజుకు లక్ష దాటించింది. నార్త్ కరొలైనాలోని డర్హమ్‌లో పొగాకు వ్యాపారం చేసే జేమ్స్ బ్యుకానన్ డ్యూక్, అందరూ బక్ డ్యూక్ అనేవారు, 1884లో ఆ మిషన్లు తెచ్చి బిగించాడు. సరుకు గుట్టలు పడింది. కాల్చేవాళ్ళేరీ? ఆ రోజుల్లో పెద్దమనిషి అన్నవాడు చుట్ట కాల్చేవాడు, లేదా పైపు పీల్చేవాడు, పల్లెల్లో ఆకు నమిలేవారు. సిగరెట్టంటే పట్నపు సోకు కుర్రాళ్ళ వ్యవహారం. లేని గిరాకీని పుట్టించాల్సి వచ్చింది. డ్యూక్ 1889లో ఒక్క ప్రకటనల మీదే 8 లక్షల డాలర్లు గుమ్మరించాడు.

అతని దగ్గర ఎడ్వర్డ్ స్మాల్ అని ఒక సేల్స్‌మన్ ఉండేవాడు. 1884లో అట్లాంటా వెళితే అక్కడి దుకాణదారులు డ్యూక్ సిగరెట్లను పట్టించుకోలేదు. అదే సమయంలో ఆ ఊళ్ళో మదాం రేయా అనే నటి నాటకాలు ఆడుతోంది. స్మాల్ ఆమె దగ్గరికి వెళ్ళి, మీ బొమ్మను మా ప్రకటనలో వేసుకోవచ్చా అని అడిగాడు. ఆమె సరేనంది. చేతిలో డ్యూక్ సిగరెట్ పెట్టెతో ఆమె నిలువెత్తు బొమ్మను ఊళ్ళో పెట్టించాడు. సరుకు చెల్లిపోయింది. ఈ కథను పొగాకు చరిత్రలు రాసినవాళ్ళు అమ్మకపు తెలివికి ఉదాహరణగా చెబుతారు. నాకు మాత్రం అందులో మరో సంగతి పట్టుకుంది. అతను అడిగాడు. ఆమె ఒప్పుకుంది. ఆ తర్వాతి పదేళ్ళ కార్డుల చరిత్రలో ఈ రెండు క్రియలూ జంటగా కనబడటం అరుదు.

కార్డు ఎలా ఉంటుందో చెప్పాలి. ఒకటిన్నర అంగుళం లోపు వెడల్పు, రెండున్నర అంగుళాల పైచిలుకు పొడవు. నేను ఎక్కువసేపు చూసినవి న్యూయార్క్ కిన్నీ బ్రదర్స్ కంపెనీ తన ‘స్వీట్ కాపొరల్’ సిగరెట్లతో ఇచ్చినవి. అవి అచ్చు బొమ్మలు కావు, అసలు ఫొటోలే. గుడ్డు తెల్లసొన పూసిన కాగితం మీద ముద్రించి అట్టకు అంటించేవారు. అందుకే నూట నలభై ఏళ్ళ తర్వాత అన్నీ ఒకే రకమైన గోధుమ పసుపులోకి తిరిగాయి. కొన్నింటిలో ముఖం అంచులు తెల్లగా కరిగిపోయి, కళ్ళూ జుట్టూ మాత్రం మిగిలాయి. వెనక తెర మీద గీసిన కోటగోడ. ముందు, ఎవరూ నమ్మని ఒక అట్ట బండరాయి. దాని మీద మోచేయి ఆనించి ఒకమ్మాయి నిలబడి ఉంటుంది. నడుం బిగించిన చొక్కా, పొట్టి లాగు, కాళ్ళను అంటిపెట్టుకున్న టైట్స్. కొందరు కత్తి పట్టుకున్నారు, కొందరు సైనికుడి టోపీ పెట్టుకున్నారు. అప్పటి అమెరికన్ సంగీత నాటకాల్లో రాకుమారుల వేషాలు ఆడవాళ్ళకే ఇచ్చేవారు. మగవేషం వేస్తే కాళ్ళు చూపించడానికి సాకు దొరుకుతుంది కదా. 1866లో న్యూయార్క్ నిబ్లోస్ గార్డెన్‌లో ‘ది బ్లాక్ క్రూక్’ అనే నాటకం ఏడాదికి పైగా ఆడటానికి కారణం కథ కాదని చూసినవాళ్ళంతా ఒప్పుకున్నారు.

ఈ ఫొటోల్లో నన్ను ఆపింది కాళ్ళు కాదు, చూపులు. ఆ కాలపు కెమెరా ముందు కొన్ని క్షణాలు కదలకుండా ఉండాలి. నవ్వు అంతసేపు నిలవదు. అందుకని చాలామంది నవ్వలేదు. వేషం ఉల్లాసంగా ఉంటుంది, ముఖం మాత్రం పనిలో ఉంటుంది. ఇంకెంతసేపు అన్నట్టు ఒకామె. స్టూడియో చలికి మెడ బిగబట్టినట్టు ఇంకొకామె. ఒకమ్మాయి నేరుగా చూస్తుంది. ఆమెకు పదిహేడో పద్దెనిమిదో ఉంటాయి. ఆ చూపులో శృంగారం వెతుక్కున్న కుర్రవాళ్ళ ఊహాశక్తికి దణ్ణం పెట్టాలి.

అట్ట కింది భాగంలో అక్షరాలుంటాయి. కొన్నింటి మీద నటి పేరు: లిలియన్ రసెల్, లిల్లీ లాంగ్‌ట్రీ, సారా బెర్నార్ లాంటివాళ్ళు. చాలావాటి మీద సిగరెట్ పేరొక్కటే. అమ్మాయి పేరుండదు, నాటకం పేరుండదు, ఊరుండదు. ఒకే ముఖం రెండు మూడు కంపెనీల పెట్టెల్లో తిరుగుతుంది, ఎక్కడా పేరు లేకుండానే.

ఫొటో ఎవరిదన్న ప్రశ్నకు అప్పటి చట్టం దగ్గర జవాబుంది, కాకపోతే అది ఆమెకు పనికొచ్చే జవాబు కాదు. నెపోలియన్ సెరోనీ అని న్యూయార్క్‌లో పెద్ద ఫొటోగ్రాఫర్ ఉండేవాడు. యూనియన్ స్క్వేర్‌లో స్టూడియో. నాటకాల వాళ్ళంతా అక్కడికే. అతను తీసిన ఆస్కార్ వైల్డ్ ఫొటోను ఒక లితో కంపెనీ కాపీ కొట్టి అమ్ముకుంది. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 1884లో కోర్టు చెప్పిందేమిటంటే, ఫొటో కూడా రచనే, దానికి కర్త ఫొటోగ్రాఫరే. మనిషిని ఎలా కూర్చోబెట్టాలి, వెలుగు ఎటునుంచి పడాలి, బట్టలెలా అమరాలి, ముఖంలో ఏ భావం రప్పించాలి అన్నవన్నీ అతని సృష్టి అంది. ముఖం పెట్టినవాడికి అందులో వాటా లేదు. పేరున్న తారలకు సెరోనీ ముందే పెద్ద మొత్తాలు చెల్లించి బొమ్మలు అమ్ముకునే హక్కు కొనుక్కునేవాడు. లాంగ్‌ట్రీకి 5,000 డాలర్లు ఇచ్చాడని చెప్పుకునేవారు. రాకుమారుడి వెనక బల్లెం పట్టుకుని నిలబడే వరుసలోని అమ్మాయికి బేరమాడే అవకాశం ఎక్కడిది? ఫొటో తీయించుకోవడం కొత్త వేషాలు వెతుక్కునే దారి కూడా. ఆమె స్టూడియోకు వెళ్ళింది, నిలబడింది, నాలుగు ప్రతులు పట్టుకుని వచ్చేసింది. ఆ తర్వాత తన బొమ్మ ఎక్కడికి పోయిందో ఆమెకు ఏ పొగాకు దుకాణం ముందో తెలిసి ఉంటుంది.

అంతమాత్రాన వీళ్ళందరినీ అబలలుగా ఏడ్చే రచన నాకు గిట్టదు. లాంగ్‌ట్రీ పియర్స్ సబ్బుకు తన పేరిచ్చి దర్జాగా డబ్బు పుచ్చుకుంది. లోటా క్రాబ్‌ట్రీ అయితే గని కార్మికుల శిబిరాల్లో చిన్నపిల్లగా డాన్సులాడి మొదలుపెట్టి, 1924లో చనిపోయేనాటికి 40 లక్షల డాలర్ల ఆస్తి దానధర్మాలకు రాసి పోయింది. తమ ముఖానికి వెలకట్టడం తెలిసినవాళ్ళు కట్టుకున్నారు. తెలియనివాళ్ళూ, తెలిసినా కుదరనివాళ్ళూ ఎక్కువ.

బక్ డ్యూక్ తండ్రి వాషింగ్టన్ డ్యూక్ మెథడిస్టు భక్తుడు. ఆయన 1894 అక్టోబరులో కొడుక్కి ఒక ఉత్తరం రాశాడు. ఒక పాస్టరు తనకు పంపిన ఫిర్యాదును దానికి జతచేసి, సిగరెట్లతో ఇలాంటి బొమ్మలు పంచడం నాకెప్పుడూ నచ్చలేదు, పడుచువాళ్ళు చెడిపోతారు, ఇది నా మతభావాలకు పొసగడం లేదు అన్నాడు. అంతటితో ఆగితే ఆయన డ్యూక్ వంశం మనిషే కాదు. దైవం సంగతి అలా ఉంచినా, చట్టసభల్లో సిగరెట్ల మీద కత్తి కట్టినవాళ్ళకు ఈ బొమ్మలు బలమైన వాదనగా మారతాయి సుమా అని హెచ్చరించాడు. భక్తీ వ్యాపారమూ ఒకే కలం నుంచి ఇంత సాఫీగా జారిన ఉత్తరం మరొకటి నేను చదవలేదు. తర్వాత ఆ కుటుంబపు డబ్బుతోనే ట్రినిటీ కాలేజీ 1924లో డ్యూక్ యూనివర్సిటీ అయింది. తండ్రి సిగ్గుపడిన ప్రచారపు సరుకును ఇప్పుడు ఆ యూనివర్సిటీ లైబ్రరీయే జాగ్రత్తగా భద్రపరుస్తోంది.

ఆ ఉత్తరంలో పడుచువాళ్ళ నడత ఉంది, మతం ఉంది, చట్టసభలున్నాయి, కంపెనీ క్షేమం ఉంది. బొమ్మలోని అమ్మాయి లేదు. ఆ కాలంలో కార్డుల మీద జరిగిన గొడవంతా ఇలాంటిదే. చూసేవాడికి ఏమవుతుందోనని ఒకటే బెంగ. చూడబడిన మనిషికి ఎంత ముట్టింది, అడిగి వేశారా, పేరైనా రాశారా అని ఏ పాస్టరూ అడగలేదు. సిగ్గు గురించి అందరూ మాట్లాడారు, కూలి గురించి ఎవరూ మాట్లాడలేదు.

అయితే ఆ ఉత్తరానికి నాలుగేళ్ళ ముందే, 1890లో, ఒకామె మాట్లాడింది. మేరియన్ మనోలా. న్యూయార్క్ బ్రాడ్‌వే థియేటర్లో ‘కాజిల్స్ ఇన్ ది ఎయిర్’ అనే సంగీత నాటకంలో ఆమె టైట్స్ వేసుకునే వేషం కట్టేది. మేనేజరు స్టీవెన్స్‌కు నాటకం ప్రచారానికి ఆ వేషంలో ఫొటో కావాలి. ఆమె ఒప్పుకోలేదు. ఒక రాత్రి ప్రదర్శన నడుస్తుండగా, థియేటర్ బాక్సుల్లో ఒకదాంట్లోంచి భళ్ళున వెలుగు వచ్చింది. దొంగచాటుగా ఫ్లాష్ వేసి ఫొటో తీశారు. ఆమె పైవస్త్రంతో ముఖం కప్పుకుని స్టేజీ మీంచి లోపలికి పరుగెత్తింది. మర్నాడు ఊరుకోలేదు, కోర్టుకు వెళ్ళింది. ఆ ఫొటోను ఎక్కడా వాడకూడదని కోర్టు ఆపింది. ఎదుటిపక్షం వాదించడానికి రాకపోవడంతో ఆ ఉత్తర్వు ఖాయమైంది.

పత్రికల వాళ్ళకు ఇది నవ్వులాటగా తోచింది. రోజూ రాత్రి వెయ్యిమంది ముందు ఆ టైట్స్‌తోనే కదా నిలబడుతోంది, ఫొటో దగ్గర ఇంత బెట్టేమిటి? నాకు ఆమె బెట్టులో పూర్తి న్యాయం కనబడుతుంది. నాటకానికి సమయముంటుంది, టిక్కెట్టుంటుంది, మధ్యలో దీపాల వరుస ఉంటుంది. తెర పడితే వేషం విప్పేసి మామూలు మనిషై ఇంటికి పోవచ్చు. ప్రేక్షకుడు ఆమెను పాటతో కలిపి, మాటతో కలిపి, కథతో కలిపి చూస్తాడు. ఫొటో అలా కాదు. అందులో పాట ఉండదు. అది సిగరెట్ పొట్లంలోకి పోతుంది, కుర్రాడి చొక్కాజేబులోకి పోతుంది, బడిలో బల్ల కింద చేతులు మారుతుంది. అక్కడ తెర వేసేవాడు లేడు. ఆమె అమ్మింది తన ఆటను, ఒక్కో రాత్రికి ఇంత అని. తన బొమ్మను అమ్మలేదు. ఈ రెండూ వేరని న్యాయశాస్త్ర పండితుల కంటే ముందు ఒక నాటకాలామెకు తెలిసింది. ఆ ఏడాది డిసెంబరులోనే వారెన్, బ్రాండైస్ అనే ఇద్దరు లాయర్లు హార్వర్డ్ లా రివ్యూలో ఏకాంతపు హక్కు గురించి తమ ప్రసిద్ధ వ్యాసం అచ్చేశారు. అందులో మనోలా కేసు ప్రస్తావన ఉంది. ఇవాళ మన సుప్రీంకోర్టు తీర్పుల్లో కూడా ఆ వ్యాసం పేరు వినబడుతుంది. దాని వెనక బాక్సులోంచి వచ్చిన ఆ వెలుగు గుర్తుంచుకునేవాళ్ళు తక్కువ.

కానీ చట్టం ఒక్క అడుగులో మారలేదు. రోచెస్టర్ ఊరి అబిగేల్ రాబర్‌సన్ నటి కూడా కాదు, మామూలు ఇంటిపిల్ల. ఆమె ఫొటోను ఆమెకు తెలియకుండా ఒక పిండిమిల్లు వాళ్ళు 25,000 ప్రకటనల మీద అచ్చేసి దుకాణాల్లో, సారాకొట్లలో తగిలించారు. ఆమె మంచం పట్టింది. కేసు న్యూయార్క్ అత్యున్నత న్యాయస్థానానికి వెళితే 1902లో నలుగురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపు అయి, నీకలాంటి హక్కేమీ లేదని తేల్చారు. జనం మండిపడ్డారు. మరుసటేడే న్యూయార్క్ రాష్ట్రం, సమ్మతి రాయించుకోకుండా ఎవరి పేరూ బొమ్మా వ్యాపారానికి వాడకూడదని చట్టం చేసింది. కొసమెరుపేమిటంటే, ఆ తీర్పు రాసిన జడ్జి ఆల్టన్ పార్కర్ 1904లో అధ్యక్ష పదవికి పోటీ చేస్తూ, ఫొటోగ్రాఫర్లు నన్నూ నా ఇంటివాళ్ళనూ వదలడం లేదని విసుక్కున్నాడు. రాబర్‌సన్ ఆయనకు పత్రికలో బహిరంగ లేఖ రాసింది. అలాంటి హక్కే లేదని నాకు చెప్పింది తమరే కదా అని.

ఇక హోనస్ వాగ్నర్ సంగతి. ఇతను బేస్‌బాల్ ఆటగాడు. 1909 నుంచి 1911 దాకా అమెరికన్ టొబాకో కంపెనీ ఇచ్చిన ఆటగాళ్ళ కార్డుల్లో ఇతనిదీ ఒకటి. అమెరికన్ టొబాకో అంటే బక్ డ్యూక్ 1890లో కిన్నీతో సహా పెద్ద పోటీదార్లను కలిపేసుకుని కట్టిన సామ్రాజ్యం. వాగ్నర్ తన బొమ్మ వెయ్యొద్దన్నాడు. పిల్లలు పొగాకు కొంటారని అని ఉంటాడని కొందరంటారు, డబ్బివ్వలేదని కొందరంటారు. ఏదైతేనేం, కంపెనీ ఆపేసింది. బయటికొచ్చిన కొద్ది కార్డులే మిగిలాయి. వాటిలో ఒకటి 2022లో 72.5 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. ఆ కార్డుల వెనకవైపు ఉండే సిగరెట్ ప్రకటనల్లో ఒకటి ‘స్వీట్ కాపొరల్’. పాతికేళ్ళ ముందు నా అమ్మాయిల కింద అచ్చయిన పేరే. ఒకే బ్రాండు, ఇంచుమించు ఒకే కొలత అట్ట. మగవాడు వద్దన్నాడు కనుక కోట్లు. ఆడవాళ్ళ కార్డులు ఇవాళ కొన్ని డాలర్లకే దొరుకుతాయి. వద్దనే వీలు లేకపోవడం వల్ల అవి బోలెడన్ని అచ్చయ్యాయి, అరుదు కాకుండా పోయాయి. సేకరణదారుల మార్కెట్‌కు మనసుంటుందని ఎవరూ అనరు, కానీ లెక్క ఎంత నిక్కచ్చిగా ఉంటుందో చూడండి.

డబ్బును లెక్కచేయని సేకరణదారు ఒకరున్నారు. జెఫర్సన్ బర్డిక్. న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్‌లో విద్యుత్ పరికరాల ఫ్యాక్టరీలో చిన్న ఉద్యోగం. పెళ్ళి లేదు, పెద్ద జీతం లేదు, కీళ్ళవాతం వేళ్ళను వంకర్లు తిప్పేసింది. మూడు లక్షల పైచిలుకు కార్డులు పోగేసి, 1947 నుంచి వాటిని న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియానికి ఇవ్వడం మొదలుపెట్టాడు. తర్వాత తనే అక్కడ బల్ల ముందు కూర్చుని, నొప్పి వేళ్ళతో ఒక్కోదాన్నీ ఆల్బమ్‌లలో అంటించాడు. 1963 జనవరి 10న ఆఖరి కార్డు అంటించి, ఇక నేను రానని చెప్పి వెళ్ళిపోయాడు. మార్చిలో పోయాడు. ఈ చెత్తకు ఒక వరుస ఉండాలన్న ఆలోచన ఆయనదే. పందొమ్మిదో శతాబ్దపు పొగాకు కార్డులకు ‘ఎన్’ అన్న అక్షరం ఇచ్చి, ఒక్కో వరసకు నంబరు వేశాడు. స్వీట్ కాపొరల్ నటీమణులు ఎన్-245. ఇవాళ ప్రపంచమంతా ఆ నంబర్లతోనే వాటిని పిలుస్తుంది. నంబరు పడింది, పేరు మాత్రం దొరకలేదు. మ్యూజియం జాబితాలో ఒక్కో కార్డు వివరం దగ్గర, పేరు తెలిస్తే పేరు, తెలియకపోతే నటి అన్న మాట ఒక్కటే. బర్డిక్‌ను తప్పుపట్టడం లేదు. ఆయనకు ముందు వీటిని దాచాల్సిన వస్తువులని తలచినవాళ్ళు తక్కువ.

ఇంగ్లండులో కథ కాస్త మర్యాదగా నడిచింది. బ్రిస్టల్ విల్స్ కంపెనీ, నాటింగమ్ ప్లేయర్స్ కంపెనీ కార్డుల వెనక విషయం అచ్చేయడం మొదలుపెట్టాయి. సినిమాలొచ్చాక 1930లలో తారల కార్డులకు పేరు, పుట్టిన ఊరు, నటించిన చిత్రాలు అన్నీ జతపడ్డాయి. పిల్లలు పొగాకు దుకాణాల ముందు కాపుకాసి బయటికొచ్చే మగవాళ్ళను బొమ్మ ఇమ్మని అడిగేవారు. ఇంతకాలానికి పేరు పడిందని సంతోషించేలోపు, ఆ పేరు ఎవరు పెట్టిందన్న ప్రశ్న వస్తుంది. ఆ కాలపు కార్డుల మీద అందంగా కనిపించే మెర్ల్ ఒబెరాన్ 1911లో బొంబాయిలో పుట్టి, కలకత్తాలో పెరిగిన ఎస్టెల్ థాంప్సన్. భారతీయ రక్తం ఉందని తెలిస్తే హాలీవుడ్‌లో వేషాలుండవని, టాస్మేనియాలో పుట్టిందని స్టూడియో కథ అల్లింది. ఆమె బతికినంతకాలం ఆ కథనే మోసింది. స్వీట్ కాపొరల్ అమ్మాయికి పేరే లేదు, ఒబెరాన్‌కు ఉన్నది తనది కాదు. రెంటిలో ఏది మెరుగో తేల్చుకోలేకపోయాను.

కలకత్తా అనుకుంటే మన ఊళ్ళు గుర్తొస్తాయి. డ్యూక్ అమెరికన్ కంపెనీ, విల్స్ ఉన్న బ్రిటిష్ ఇంపీరియల్ కంపెనీ మార్కెట్ కోసం కొట్టుకుని, చివరికి రాజీపడి 1902లో బ్రిటిష్ అమెరికన్ టొబాకోను పెట్టాయి. దానికి తొలి చైర్మన్ బక్ డ్యూకే. ఆ సంస్థ కొమ్మల్లో ఒకటి 1910లో కలకత్తాలో మొదలైన ఇంపీరియల్ టొబాకో, ఇప్పటి ఐటీసీ. దాని ఆకు అవసరమే గుంటూరు, చీరాల ప్రాంతాలకు వర్జీనియా పొగాకును, ఆకు ఆరబెట్టే బ్యారన్లను, ఆకు కొనే ఐఎల్‌టీడీ కంపెనీని తెచ్చింది. డ్యూక్ తన అమ్మాయిల బొమ్మలతో పుట్టించిన సిగరెట్ దాహమే అక్కడెక్కడో సముద్రాలు దాటి మన నల్లరేగడిలో పంటైంది. గ్రేడింగు బల్లల దగ్గర వరుసగా కూర్చుని ఆకు విడదీసే ఆడవాళ్ళ ముఖాలు ఏ అట్టముక్క మీదకూ ఎక్కలేదు. వాళ్ళ పేర్లు కూలి మస్టర్లలో ఉంటాయి, అదొక నయం. ఇంకో మాట. అమెరికాలో సిగరెట్ పట్టుకున్న ఆడదాని బొమ్మ చూసి పాస్టర్లు గుండెలు బాదుకునే రోజుల్లో, మన శ్రీకాకుళం, విశాఖ వైపు ముసలమ్మలు నిప్పు కొసను నోట్లో పెట్టుకుని అడ్డచుట్ట కాలుస్తూ పొలం పనులు చేసుకుంటున్నారు. వాళ్ళకు ఏ ప్రకటనా అక్కర్లేకపోయింది.

మా చిన్నప్పుడు పెట్టెల్లో కార్డులు లేవు. ఖాళీ పెట్టెల అట్టలే చింపి, ఏ బ్రాండుకు ఎంత విలువో మేమే నిర్ణయించుకుని పేకముక్కల్లా ఆడేవాళ్ళం. చార్మినార్ ఎక్కువ దొరుకుతుంది కనుక చవక. తారల ముఖాలు సబ్బు ప్రకటనల్లో, పాటల పుస్తకాల అట్టల మీద, కిళ్ళీకొట్టు క్యాలెండర్ల మీద ఉండేవి. మన దేశంలో ఆ దారి 1941లో లక్స్ కోసం లీలా చిట్నిస్ వేసింది. ఆమెకు పేరుంది, పైకం కూడా ముట్టింది. ఇప్పుడు ఐశ్వర్యారాయ్, నాగార్జున లాంటివాళ్ళు తమ ముఖాన్ని, గొంతును అనుమతి లేకుండా ఎవరూ వాడకూడదని ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళి ఉత్తర్వులు తెచ్చుకుంటున్నారు. కంప్యూటరే ముఖాలు పుట్టిస్తున్న కాలంలో అది అవసరమే. మనోలా ఫ్లాష్ బాక్సులోంచి వచ్చింది, ఇది ఎక్కడినుంచైనా రావచ్చు. ఉత్తర్వులు తెచ్చుకోగలవాళ్ళు మళ్ళీ లాంగ్‌ట్రీ వరసలోనివాళ్ళే, ఆ మాట కూడా చెప్పుకోవాలి.

సిగరెట్ పెట్టె మీద మనిషి బొమ్మ మాత్రం మళ్ళీ వచ్చింది, వేరే పని మీద. మన దగ్గర 2016 ఏప్రిల్ నుంచి పెట్టె రెండు వైపులా 85 శాతం మేర బొమ్మతో కూడిన హెచ్చరికే ఉండాలి. పుండుపడ్డ గొంతు, కుళ్ళిన దవడ. కొనేవాడిని లాగడానికి పెట్టిన చోటే ఇప్పుడు కొనేవాడిని తోసేయడానికి పెడుతున్నారు. ఈ ముఖాలెవరివి? 2012లో మన పెట్టెల మీది మసక బొమ్మ తనదిలా ఉందని ఇంగ్లండ్ ఫుట్‌బాల్ కెప్టెన్ జాన్ టెరీ లాయర్లను కదిలించాడని పత్రికలు రాశాయి. 2018లో ఫ్రాన్స్‌లోని మెట్జ్ నగరంలో ఉంటున్న ఒక అల్బేనియా మనిషి ఇంకో అడుగు ముందుకేశాడు. కొడుకు లక్సెంబర్గ్ నుంచి తెచ్చిన పొగాకు పొట్లం మీద తెగిన కాలి బొమ్మ ఉంది. ఆ మచ్చలు నా కాలివే అన్నాడు. 1997లో అల్బేనియాలో తూటా తగిలి పోయిన కాలు అది, పొగ వల్ల పోయింది కాదు, నన్నెవరూ అడగలేదు అన్నాడు. యూరోపియన్ కమిషన్ ఒప్పుకోలేదు. హెచ్చరిక బొమ్మల్లో ఉన్న ప్రతి మనిషీ ఎవరో మాకు తెలుసు, ప్రతి ఒక్కరి సమ్మతి పత్రమూ మా దగ్గరుంది, ఆ కాలు మీది కాదు అంది. మరెవరిదో పేరు మాత్రం బయటపెట్టలేదు. స్వీట్ కాపొరల్ వాళ్ళు కూడా అలాంటి పత్రాలు పెట్టుకుని ఉంటే, తాళం వేసే పెట్టుకున్నా సరే, బర్డిక్ పని ఎంతో తేలికయ్యేది.